మచ్చను చూసి పంపేయకండి, ఒక్కసారి తాకి చూడండి: పిల్లల్లో స్క్లెరోడెర్మా గురించి ఒక తల్లి బహిరంగ లేఖ

హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి, ములుగు జిల్లాల వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు వచ్చే వైద్య బృందాలకు, గురుకుల పాఠశాలల ప్రిన్సిపాళ్లకు, సంక్షేమ వసతి గృహాల వార్డెన్లకు నమస్కరించి రాస్తున్న లేఖ.

అయ్యా, అమ్మా,

నేను హనుమకొండ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఏటా పిల్లలకు చర్మం పాఠం వస్తుంది. పైపొర, లోపొర, స్వేద గ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు అంటూ నల్లబల్ల మీద బొమ్మ గీసి వివరిస్తాను. అటువంటి నేను నా కడుపున పుట్టిన బిడ్డ కాలి మీద వచ్చిన మచ్చ ఏమిటో పద్నాలుగు నెలల పాటు తెలుసుకోలేకపోయాను. ఆ పద్నాలుగు నెలల్లో మేము వెళ్లిన చోటల్లా మచ్చను చూసినవారే గాని, దాని మీద వేలు పెట్టి నొక్కి చూసినవారు లేరు. నేనైతే రోజూ తాకుతూనే ఉన్నాను. స్నానం చేయించేటప్పుడు ఆ చోటు గట్టిగా ఉన్నదని నా చేతికి తెలుస్తూనే ఉంది. అది డాక్టరుకు చెప్పవలసిన సంగతి అని మాత్రం నాకు తట్టలేదు.

చర్మం గట్టిపడే జబ్బు స్క్లెరోడెర్మా. జూన్ 29ని ప్రపంచమంతా దాని అవగాహన దినంగా పాటిస్తుంది. ఈ జబ్బుతో బాధపడ్డాడని చెప్పే పాల్ క్లే అనే చిత్రకారుడు 1940లో కన్నుమూసిన రోజు అది. మన దగ్గర జూన్ అంటే బడులు తెరిచే నెల, వసతి గృహాల్లో కొత్త పిల్లలు చేరే నెల, ఏ ఊరికి ఎప్పుడు వెళ్లాలో మీ బృందాలు అనుకునే నెల. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మా పాపకు అప్పుడు ఏడేళ్లు. బతుకమ్మ పండుగకు ముందు ఒకనాడు మా అత్తమ్మ నలుగు పెట్టి తలంటు పోస్తూ, ఎడమ తొడ మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉన్నదని నన్ను పిలిచి చూపించింది. మధ్యలో మైనం పూసినట్టు నున్నగా, కొంచెం పాలిపోయి ఉంది. చుట్టూ అంచు మాత్రం వంకాయ పువ్వు రంగులో ఉంది. నొప్పి లేదు, దురద లేదు. శోభి అయి ఉంటుందని అత్తమ్మ అన్నది. నేనూ అదే అనుకొని మందుల దుకాణంలో ఒక ట్యూబు కొన్నాను. సంక్రాంతి నాటికి ఆ మచ్చ కింద మరొకటి, దాని కింద ఇంకొకటి వచ్చాయి. ఉగాది నాటికి మూడూ కలిసి తొడ నుంచి మోకాలు దాటి పిక్క దాకా ఒకే పట్టీలా సాగాయి. ఊళ్లో ఒకరు తామర అన్నారు. పట్నంలోని ఒక చర్మవ్యాధుల క్లినిక్‌లో బొల్లి మొదలవుతున్నదేమో అని పూత మందు రాశారు, దానితో ఆరు నెలలు గడిచాయి. తరగతిలో మాత్రం ఎవరో పెద్దరోగం అన్నారట. ఆ మాట తరువాత బెంచీ మీద పాప పక్కన కూర్చునే పిల్లలు లేకుండా పోయారు. ఆ సంగతి పాప ఇంట్లో చెప్పలేదు. బడి నుంచి వచ్చాక తెచ్చిన టిఫిను డబ్బా తెరిస్తే, అందరితో పంచుకోమని నేను ఎక్కువగా పెట్టిన సకినాలు అట్లాగే తిరిగి వస్తుంటే నాకు తెలిసింది.

ఆ కాలు పెరగడం లేదన్న మాట మొదట చెప్పింది డాక్టరు కాదు, మా వీధి చివర దర్జీ. జూన్‌లో యూనిఫాం పంజాబీ డ్రెస్సు కుట్టించడానికి తీసుకువెళ్తే, ఆయన టేపు పెట్టి కొలిచి, మళ్లీ కొలిచి, "మేడం, ఎడమ కాలు సన్నగున్నది, పొడుగు గూడ జర తక్కువస్తున్నది, బిడ్డను సక్కగ నిలబడమనుండ్రి" అన్నారు. పాప నిలబడే తీరులో లోపం లేదు. మోకాలు పూర్తిగా చాచుకోవడం లేదు, అంతే. ఆ సాయంత్రం ఇంట్లో నేనే టేపు పెట్టి చూశాను. పిక్క చుట్టుకొలతలో కుడికీ ఎడమకూ రెండున్నర సెంటీమీటర్ల తేడా ఉంది. అయినా మచ్చకూ ఈ తేడాకూ సంబంధం ఉన్నదని నాకు గాని, ఆ తరువాత మేము కలిసిన ఇద్దరు డాక్టర్లకు గాని తోచలేదు. ఒకరు మచ్చకు మందు రాశారు, మరొకరు కాలికి క్యాల్షియం రాశారు.

చివరికి వరంగల్‌లోని ఒక ఆసుపత్రిలో, చదువు ఇంకా పూర్తికాని ఒక యువ డాక్టరమ్మ, పాపను బల్ల మీద పడుకోబెట్టి, తన రెండు వేళ్లతో మచ్చ మీది చర్మాన్ని మడత పెట్టబోయింది. మడత రాలేదు. కుడి కాలి మీద అదే చోట పట్టుకుంటే చర్మం సులువుగా పైకి వచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకొని నా చేత కూడా అట్లా చేయించి, "అమ్మా, ఇది పైన వచ్చిన మచ్చ కాదు, లోపల చర్మం గట్టిపడుతున్నది, దీన్ని స్క్లెరోడెర్మా అంటారు, ఆలస్యం చేయకుండా హైదరాబాద్‌లో కీళ్ల జబ్బులు, ఇటువంటి రోగనిరోధక జబ్బులు చూసే రుమటాలజీ విభాగానికి తీసుకుపోండి" అని చెప్పింది. ఆ పరీక్షకు పట్టింది అర నిమిషం. దానికి యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. మీ బృందాల చేత చేయించండి అని నేను అడుగుతున్నది ఆ అర నిమిషం పనే.

ఇక జబ్బు సంగతి. స్క్లెరోడెర్మా అన్న మాట గ్రీకు భాష నుంచి వచ్చింది. గట్టిపడిన చర్మం అని దాని అర్థం. 1753లో ఇటలీలోని నేపుల్స్‌లో కార్లో కుర్జియో అనే వైద్యుడు, ఒళ్లంతా చర్మం బిగుసుకుపోయిన పదిహేడేళ్ల అమ్మాయి గురించి రాసినదాన్ని ఈ జబ్బుకు తొలి వర్ణనగా చెప్పుకుంటారు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి సొంత కణజాలం మీదికి తిరగడం వల్ల ఇది వస్తుంది. ముందు ఆ చోట వాపు వంటి మంట దశ ఉంటుంది. వంకాయ పువ్వు రంగు అంచు ఆ దశకు గుర్తు. తరువాత కొల్లాజెన్ అనే నారపదార్థం అవసరానికి మించి పేరుకొని చర్మం బిగుస్తుంది. చివరికి కింది కొవ్వు, కండ, కొన్నిసార్లు ఎముక కూడా చిక్కిపోతాయి. ఎందుకు మొదలవుతుందో వైద్యశాస్త్రం ఇంకా పూర్తిగా తేల్చలేదు. కాని ఇది అంటువ్యాధి కాదన్నది తేలిన విషయం. తాకితే రాదు, ఒక కంచంలో తింటే రాదు, ఒకరి దుప్పటి మరొకరు కప్పుకుంటే రాదు. తల్లి తిన్న తిండి వల్లనో, గ్రహణం వల్లనో, ఎవరి శాపం వల్లనో వచ్చేది అంతకన్నా కాదు. ఆడపిల్లల్లో మగపిల్లల కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

పెద్దవారిలో ఈ పేరు వినగానే ఊపిరితిత్తులు, గుండె, కిడ్నీలు గుర్తుకొస్తాయి. పిల్లల్లో పరిస్థితి వేరు. వారిలో ఎక్కువగా కనిపించేది చర్మానికి, దాని కింది భాగాలకు పరిమితమయ్యే రకం. దాన్ని మార్ఫియా అని కూడా అంటారు. అందులోనూ కాలి వెంటో, చేతి వెంటో, నుదుటి మీదో గీతలా సాగే రకమే పిల్లల్లో ఎక్కువ. ఇది అరుదైన జబ్బే, కాదనను. బ్రిటన్, ఐర్లండ్‌లలో చేసిన లెక్క ప్రకారం ఏటా పది లక్షల మంది పిల్లల్లో కొత్తగా ముగ్గురు నలుగురికి ఈ రకం వస్తుంది. ఒళ్లంతా వ్యాపించే రకం అంతకంటే ఎన్నో రెట్లు అరుదు. అరుదు కాబట్టే చూసిన అనుభవం తక్కువ, చూసిన అనుభవం తక్కువ కాబట్టి గుర్తుపట్టడంలో ఆలస్యం. అభివృద్ధి చెందిన దేశాల్లో కూడా మొదటి మచ్చకూ జబ్బు పేరు తేలడానికీ మధ్య ఏడాది, అంతకు మించి గడవడం మామూలేనని ఆ తరువాత చదివి తెలుసుకున్నాను. కనుక మాకు జరిగిన ఆలస్యానికి ఏ ఒక్కరినో వేలెత్తి చూపే ఉద్దేశం నాకు లేదు.

కాని పెద్దవాళ్లకు ఆలస్యం ఒకటి, పెరిగే పిల్లకు ఆలస్యం మరొకటి. గట్టిపడిన చర్మపు పట్టీ కీలు మీదుగా పోతే ఆ కీలు వంగిపోయి బిగుసుకుంటుంది; పట్టీ కింద ఉన్న ఎముక మిగతా ఒంటితో పాటు పెరగదు. మంట దశలో ఉన్నప్పుడు మందు పనిచేస్తుంది. ఎదగకుండా పోయిన ఎముకను తరువాత ఏ మందూ సాగదీయలేదు. మా పాప ఎడమ కాలు ఈనాటికీ కుడి కాలి కంటే రెండు సెంటీమీటర్లు పొట్టి. చెప్పు కింద మందపాటి అట్ట వేయించి నడిపిస్తున్నాము.

కుష్టు గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే మన ప్రాంతంలో పాలిపోయిన మచ్చ కనపడగానే మనసులో మెదిలే భయం అదే. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లోనే కుష్టు రోగుల కోసం ఆసుపత్రి వెలసిన నేల ఇది. ఆ జబ్బు మనకు కొత్త కాదు, అది పూర్తిగా నయమవుతుందన్న సంగతీ కొత్త కాకూడదు. ఆరు నెలలో, పన్నెండు నెలలో ఉచితంగా ఇచ్చే బహుళ ఔషధ చికిత్సతో అది తగ్గిపోతుంది. కుష్టు మచ్చ మీద సాధారణంగా స్పర్శ తగ్గుతుంది. దూది తాకించినా బిడ్డకు తెలియదు. స్క్లెరోడెర్మా మచ్చ మీద స్పర్శ సాధారణంగా ఉంటుంది, కాని చర్మం మడత పడదు. బొల్లిలో రంగు పోతుందే తప్ప చర్మం మెత్తగానే ఉంటుంది. శోభిలో సన్నని పొట్టు రాలుతుంది. ఈ తేడాలు తెలియాలంటే మచ్చ మీద చెయ్యి పెట్టక తప్పదు. ఏ మచ్చను చూసి మా పాప పక్కన కూర్చోవడానికి పిల్లలు జంకారో, ఆ మచ్చను తాకి ఉంటే జబ్బు పేరు ఏడాది ముందే తెలిసేది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు నిద్ర పట్టదు.

నుదుటి మీద వచ్చే రకాన్ని మీరు ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాలని కోరుతున్నాను. కనుబొమ్మ పైనుంచి మాడు వైపు కత్తివేటు పడ్డట్టు ఒక గాడి ఏర్పడుతుంది. ఆ గీత వెంట జుట్టు ఊడిపోతుంది. తల్లులు పేనుకొరుకుడు అనుకొని ఉల్లిరసం రుద్దుతారు, పాపిడి మార్చి జడ వేసి దాచేస్తారు. పేనుకొరుకుడులో చర్మం నున్నగా, మామూలు మెత్తదనంతో ఉంటుంది. ఇక్కడ వేలు పెడితే పల్లం తగులుతుంది, చర్మం ఎముకకు అతుక్కున్నట్టు ఉంటుంది. ఈ రకం ఉన్న పిల్లల్లో కొందరికి మూర్ఛలు, విడవని తలనొప్పి వస్తాయి. కొందరికి కంటి లోపల వాపు వస్తుంది. కన్ను ఎర్రబడదు, నొప్పి పుట్టదు, చూపు మాత్రం నెమ్మదిగా దెబ్బతింటుంది. కంటి లోపలి భాగాలను పెద్దగా చూపే స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో కంటి డాక్టరు చూస్తే తప్ప అది బయటపడదు. 2005లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశీలనలో 750 మంది పిల్లలను చూస్తే, చర్మానికే పరిమితం అనుకున్న ఈ రకంలో కూడా ఐదో వంతుకు పైగా పిల్లలకు కీళ్లు, నరాలు, కళ్లు వంటి ఇతర భాగాల్లో ఏదో ఒక ఇబ్బంది కనిపించింది. అందుకే ఇది పూత మందుతో సరిపెట్టే విషయం కాదు.

ఒళ్లంతా వ్యాపించే రకాన్ని నేను హైదరాబాద్‌లో ఓపీ వరుసలో చూశాను. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో కాగజ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి, తన పదమూడేళ్ల బిడ్డ చేతులను తన రెండు చేతుల మధ్య పెట్టుకొని రుద్దుతూ కూర్చున్నాడు. ఏసీ గాలి తగిలినప్పుడు ఆ అమ్మాయి వేళ్లు ముందు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి, తరువాత నీలంగా మారాయి, కాసేపటికి ఎర్రబడ్డాయి. రెండు వేళ్ల కొసల్లో మానని పుండ్లు ఉన్నాయి. సిర్పూర్, తిర్యాణి వైపు చలికాలంలో ఉష్ణోగ్రత ఒక్క అంకెకు పడిపోతుంది. చలికి అందరి వేళ్లూ కొంకర్లు పోయేవే కదా అని రెండేళ్లు అనుకున్నారట. నోరు పెద్దగా తెరవలేక ఆ అమ్మాయి అన్నం ముద్దను చిన్న చిన్న ఉండలుగా చేసుకొని తింటున్నది. చలికి వేళ్లు ఇట్లా మూడు రంగులు మారడాన్ని రేనాడ్స్ అంటారు. అది ఉన్నంత మాత్రాన స్క్లెరోడెర్మా అని కాదు. కాని పిల్లల్లో అది కనిపిస్తే, ముఖ్యంగా వేళ్లు ఉబ్బి చర్మం బిగుస్తున్నా, కొసల్లో పుండ్లు పడుతున్నా, ఊపిరితిత్తుల, గుండె పరీక్షలతో సహా రుమటాలజీలో చూపించవలసిందే.

ఇంకొక జాగ్రత్త వైద్యాధికారులకు మనవి చేస్తాను. చర్మానికి పరిమితమయ్యే రకంలో రక్తపరీక్షలు మామూలుగా రావచ్చు. ఒంట్లో వాపు ఉన్నదేమో సూచించే ఈఎస్ఆర్ అనే రక్తపరీక్ష మా పాపకు మొదట చేస్తే సరిగ్గానే వచ్చింది. రిపోర్టు బాగున్నదన్న మాటతో మరో రెండు నెలలు పోయాయి. చేతికి గట్టిగా తగిలే మచ్చ ఉన్నప్పుడు కాగితం మీది అంకెను చూసి ఇంటికి పంపవద్దు.

చికిత్స విషయానికొస్తే, మా పాపకు మొదటి కొన్ని నెలలు స్టెరాయిడ్, దానితో పాటు రోగనిరోధక వ్యవస్థ దూకుడును తగ్గించే మెథోట్రెక్సేట్ అనే మందు ఇచ్చారు. పిల్లల్లో ఈ జబ్బుకు మెథోట్రెక్సేట్ పనిచేస్తుందని 2011లో వెలువడిన ఇటలీ వైద్యుల పరీక్ష తేల్చింది. ఇప్పుడు చాలాచోట్ల మొదట ఎంచుకునేది ఇదే. దానితో సరిపోని వారికి మైకోఫెనోలేట్ వంటి వేరే మందులు ఉన్నాయి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసే మందు. మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. మేము మొదట ఆదివారం పెట్టుకున్నాము. మందు వేసిన పూట కడుపులో తిప్పుతుంది. ఆదివారం వీధంతా కోడికూర తాలింపు వాసన, అది తగలగానే పాప వాంతి చేసుకునేది. కొన్ని వారాలకు కూర పేరు ఎత్తితేనే వాంతి వచ్చే స్థితికి వచ్చింది. అప్పుడు శనివారం రాత్రి పడుకునే ముందుకు మార్చుకున్నాము. మందు మొదలైన కొన్ని నెలలకు వంకాయ పువ్వు రంగు అంచు పోయింది, కొత్త మచ్చలు ఆగిపోయాయి. మూడేళ్లు వాడి నిరుడు ఆపారు. ఆపిన తరువాత కూడా కొందరిలో జబ్బు తిరగబెడుతుంది కాబట్టి చూపించుకుంటూనే ఉన్నాము.

ఇప్పుడు గురుకులాల వారికి, వార్డెన్లకు చెప్పవలసిన మాటకు వస్తున్నాను. పాప ఐదో తరగతిలో గురుకులంలో సీటు తెచ్చుకుంది. మందు అప్పటికి నడుస్తున్నది. వారానికి ఆరు మాత్రలు, చిన్నవి, పసుపుపచ్చనివి. శనివారం రాత్రి ఆరూ ఒకేసారి వేయాలని చెప్పి ఆరోగ్య గదిలో ఇచ్చి వచ్చాను. రిజిస్టరులో ఎవరో "రోజూ రాత్రి భోజనం తరువాత" అని రాసుకున్నారు. శనివారం వేశారు, ఆదివారం మళ్లీ ఆరు వేశారు. సోమవారం చేతిలో పెట్టినప్పుడు పాప, "మేడం, ఇది శనివారం మందు, రోజూ వేసుకునేది కాదు, మా అమ్మకు ఫోన్ చేయండి" అని మింగకుండా నిలబడింది. వెంటనే రక్తపరీక్ష చేయించాము, దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. ఈ మందు రోజూ పడితే నోరంతా పుండ్లు పడతాయి, ఎముక మజ్జ రక్తకణాలను తయారు చేయడం మానేస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఆ సిస్టరమ్మ చెడ్డ మనిషి కాదు, వందల మంది పిల్లలకు ఆమె ఒక్కతే. నేను అడిగేది చిన్న మార్పు: వారానికి ఒక్కసారి వేసే మందులకు వేరే పేజీ పెట్టండి, ఆ పేజీలో మందు వేయవలసిన రోజు పేరు ఎర్ర సిరాతో రాయండి, ఒక్క వారానికి సరిపడా మాత్రలనే ఆరోగ్య గదిలో ఉంచి మిగతావి ప్రిన్సిపాల్ గారి బీరువాలో పెట్టండి.

ఈ మందు మీద ఉన్న పిల్లల్లో రోగనిరోధక శక్తి కొంత తగ్గి ఉంటుంది. డార్మిటరీలో ఎవరికైనా అమ్మవారు పోస్తే ఆ సంగతి అదే రోజు తల్లిదండ్రులకు, చికిత్స చేస్తున్న డాక్టరుకు చెప్పాలి. ఈ బిడ్డకు కూడా పోసిన తరువాత చెబితే ఆలస్యమవుతుంది. జ్వరం వచ్చినప్పుడు ఆ వారం మందు వేయాలో ఆపాలో డాక్టరును అడగకుండా నిర్ణయించవద్దు. ప్రతి మూడు నెలలకో, డాక్టరు చెప్పినప్పుడో రక్తకణాలు, కాలేయం పరీక్షలకు పంపాలి. ఆ సెలవును గైరుహాజరుగా లెక్క కట్టవద్దు.

చలికాలంలో తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం మన వసతి గృహాల్లో మామూలే. రేనాడ్స్ ఉన్న బిడ్డకు ఆ బకెట్టు నీళ్లు వేళ్ల కొసలకు రక్తం అందకుండా చేస్తాయి. ఒక్క బిడ్డకు ఒక్క బకెట్టు వేడినీళ్లు వంటగది నుంచి ఇవ్వడం కష్టం కాదు. యూనిఫాంలో లేవని చేతి తొడుగులను, మేజోళ్లను విప్పించవద్దు. మోకాలు వంగని, చాచుకోని పిల్లలు మధ్యాహ్న భోజనానికి బాసింపట్టు వేసి కూర్చోలేరు, కింద కూర్చునే మరుగుదొడ్డి వాడలేరు. మా పాప ఐదో తరగతిలో మొదటి రెండు నెలలు మధ్యాహ్నం నీళ్లు తాగడం మానేసింది, మరుగుదొడ్డికి పోవలసి వస్తుందని. ఒక కుర్చీ కమోడ్ పెట్టించాక ఆ ఇబ్బంది తీరింది. పీటీ పీరియడ్‌లో ఒక మూల కూర్చోబెట్టడం దయ అనుకుంటారు గాని, ఈ పిల్లలకు కీళ్లు కదలడమే మందులో సగం. ఫిజియోథెరపీ వారు నేర్పిన సాగదీసే వ్యాయామాలను ఆ పీరియడ్‌లో చేయించండి.

అధికారులకు నా విన్నపాలు ఎక్కువేమీ లేవు. 2013 నుంచి నడుస్తున్న బాల స్వాస్థ్య కార్యక్రమంలో మీ బృందాలు ఏటా ఒకసారి బడికి, రెండుసార్లు అంగన్‌వాడీకి వస్తాయి; చర్మ వ్యాధులు ఆ పరీక్షలో ఇప్పటికే భాగం. గజ్జి, తామర, ఎగ్జిమా ఉన్నాయేమో చూసే ఆ చేతులతోనే, మచ్చ ఉన్న చోట చర్మాన్ని రెండు వేళ్లతో మడత పెట్టి చూడమని శిక్షణలో చెప్పించండి. మడత పడకపోతే, లేదా చేతులు, కాళ్లు కుడి ఎడమల మధ్య లావులో గాని పొడవులో గాని తేడా ఉంటే, పూత మందు ఇచ్చి పంపకుండా నేరుగా పెద్దాసుపత్రికి రెఫర్ చేయించండి. రెండోది, వరంగల్ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. ములుగు, ఏటూరునాగారం వైపు నుంచి వచ్చేవారికి ఇంకా దూరం. మేము ఒక్కో రక్తపరీక్షకు ఒక్కో రోజు జీతం, బస్సు కిరాయి పోగొట్టుకున్నాము. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి వంటి చోట రుమటాలజీ డాక్టర్లు మొదలుపెట్టిన చికిత్సను ఇక్కడే కొనసాగించేలా, నెలకు ఒక నిర్ణీత రోజున వరంగల్‌లో పిల్లల కీళ్ల, చర్మ జబ్బుల ఓపీ పెట్టి, ఈ పరీక్షలనూ మందులనూ జిల్లా ఆసుపత్రుల్లో ఉచితంగా అందేలా చూడండి. మూడోది, 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో స్క్లెరోడెర్మా అన్న పేరు లేదు. ధ్రువపత్రం కోసం వెళ్లినప్పుడు జబ్బు పేరు జాబితాలో లేదని మమ్మల్ని ఒకసారి తిప్పి పంపారు. జాబితా చూడవలసింది జబ్బు పేరు కోసం కాదు. బిగిసిన మోకాలు, పొట్టిగా మిగిలిన కాలు కదలికకు సంబంధించిన వైకల్యమే. ఆ దృష్టితో కొలిచి ఇవ్వమని శిబిరాల వైద్యులకు చెప్పించండి.

ఈ ఏడాది మా మండలంలో మొదటి పరీక్ష ఏ బడిలో, ఏ తేదీన పెడతారో తెలియజేస్తే, ఆ రోజు నేను సెలవు పెట్టి వస్తాను. మా పాపకు ఇప్పుడు పన్నెండేళ్లు. మీ బృందంలోని వారందరూ మామూలు చర్మానికీ గట్టిపడిన చర్మానికీ తేడా తమ చేతులతో తెలుసుకునేందుకు తన రెండు కాళ్లూ చూపిస్తానని తనంతట తానే ఒప్పుకున్నది. ముందు కుడి కాలు తాకి తరువాత ఎడమ కాలు తాకితే తేడా త్వరగా తెలుస్తుందని మీకు చెప్పమన్నది.

ఇట్లు,
ఒక తల్లి, జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
హనుమకొండ జిల్లా.